ఊరు మునిగితేనే పేరు

పర్యాటకాన్ని ఉద్ధరించాలని తపించే అధికారులు ఇంగ్లండులోని రట్లండ్ కౌంటీని అధ్యయనం చేసి తీరాలి. సముద్రం లేదు, పెద్ద కొండ లేదు. విస్తీర్ణం సుమారు 382 చదరపు కిలోమీటర్లు, జనాభా 41 వేలు. అయినా జనం వెళ్తూనే ఉంటారు. కిటుకు ఒకటే: ఉన్నదాన్ని ముందు పోగొట్టాలి, తర్వాత ప్రదర్శనకు పెట్టాలి.

మొదట కౌంటీనే పోగొట్టారు. 1974 ఏప్రిల్ 1న దాన్ని లెస్టర్‌షైర్‌లో కలిపేశారు. 1997లో, మళ్లీ ఏప్రిల్ 1నే, విడదీశారు. ముహూర్తం పెట్టినవారి చిత్తశుద్ధిని శంకించే హక్కు మనకు లేదు.

ఈలోగా గ్వాష్ నది లోయకు అడ్డంగా ఆనకట్ట కట్టారు. నెదర్ హాంబిల్టన్ అనే పల్లె ముంపులో పోయింది. ఉపరితల విస్తీర్ణంలో ఇంగ్లండుకే పెద్దదైన జలాశయం వచ్చింది. కట్టేటప్పుడు దాని పేరు ఎంపింగ్‌హామ్ రిజర్వాయర్; 1976లో రట్లండ్ వాటర్ అయింది. నేల మీద చెరిపేసిన పేరును నీళ్ల మీద రాశారన్నమాట. పాలనాదక్షత అంటే అది!

నార్మంటన్ చర్చికీ ముంపు గండం వచ్చింది. జనం ఊరుకోలేదు. దాంతో గోడల మధ్య కింది సగాన్ని రాళ్లతో, కాంక్రీటుతో నింపి, పైన కొత్త నేల పరిచారు. మొలలోతు నీళ్లలో నిలబడ్డట్టుండే ఆ భవనంలో ఇప్పుడు పెళ్లిళ్లు జరుగుతాయి. సంసారసాగరంలో దిగబోయేవారికి అంతకన్నా తగిన వేదిక ఎక్కడ దొరుకుతుంది?

పునరావాసం మాత్రం భేషుగ్గా జరిగింది, పక్షులకు. 1996 నుంచి స్కాట్లండు నుంచి ఆస్ప్రీ అనే చేపలు పట్టే గద్ద పిల్లలను తెచ్చారు, గూళ్ల కోసం స్తంభాలు నాటారు, కాపలా పెట్టారు. 2001లో అవి అక్కడే పిల్లలను కన్నాయి. 2021లో జలాశయం అంచున సుమారు 10 మీటర్ల ఇక్తియోసార్ (ఎప్పుడో అంతరించిన సముద్ర సరీసృపం) శిలాజం బయటపడింది. 18 కోట్ల సంవత్సరాలుగా అక్కడే ఉంటున్నా, పాపం, ముంపు బాధితుల జాబితాలో దానికి చోటు దక్కలేదు.

ఇక రట్లండులోని ఓకమ్ ఊరి కోట. కోటలో మిగిలిన భవనం 12వ శతాబ్దపు హాలు ఒక్కటే. ఆ ఊరికి వచ్చిన ప్రభువు ఎవరైనా ఒక గుర్రపు నాడా సమర్పించుకోవాలన్నది ఆచారం. రాజవంశీకులకూ మినహాయింపు లేదు. గోడల నిండా 200కు పైగా నాడాలు, అన్నీ కొనలు కిందికే. పైకి పెడితే ఆ ఒంపులో దయ్యం కాపురం పెడుతుందట. ఎవరి కాపురం గురించైనా రట్లండులో అంత ముందుచూపుతో ఆలోచించింది ఆ ఒక్క విషయంలోనే.