కుటుంబ సమేతంగా నవ్వదగ్గ సాయంత్రం

'మైండ్ యువర్ లాంగ్వేజ్' అనే పాత బ్రిటిష్ కామెడీ సీరియల్ క్లిప్పు మళ్లీ వచ్చింది. పంపినాయన మా బంధువుల గ్రూపులో పెద్దవారు. కింద ఒక వ్యాఖ్య కూడా రాశారు: "ఆ రోజుల్లో బ్రిటిష్ టీవీ ఎంత ఆరోగ్యకరంగా ఉండేదో చూడండి. బూతు లేదు, రక్తపాతం లేదు. ఇంటిల్లిపాదీ కూర్చుని హాయిగా నవ్వుకునేవాళ్లు." దాని కింద వరసగా దణ్ణాల బొమ్మలు, చప్పట్ల బొమ్మలు.

పెద్దలు చెప్పాక కాదనడం మర్యాద కాదు. అందుకని ఆ ఆరోగ్యకరమైన సాయంత్రాన్ని విస్తరి వేసి మరీ వడ్డిస్తాను. 1970ల నాటి బ్రిటన్. ఉన్నవి మూడే చానెళ్లు: బీబీసీవి రెండు, ఐటీవీ ఒకటి. నాలుగోది 1982లో గానీ రాలేదు. నేను వడ్డించేవన్నీ ఒకే రాత్రి ప్రసారమైనవి కావు, ఏళ్లు అటూ ఇటూ అవుతాయి. వంటవాళ్లు మాత్రం వాళ్లే.

ముందుగా ఆ దేశం నిష్ఠ గురించి చెప్పుకోవాలి. పిల్లలు వేళకి పడుకోవాలని 1957 దాకా సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు టీవీ ప్రసారాలే ఉండేవి కావు. తల్లి గదమాయించక్కర్లేదు, దేశం మొత్తానికి ప్రభుత్వమే గదమాయించేది. లైసెన్సు కట్టకుండా టీవీ చూసేవాళ్లని పట్టుకోవడానికి వీధుల్లో ప్రత్యేకంగా వ్యాన్లు తిరిగేవి. 1973 డిసెంబరులో బొగ్గుకి కటకట వస్తే, రాత్రి పదిన్నరకల్లా టీవీలు కట్టెయ్యమన్నారు. రోజూ ప్రసారం ముగిసేటప్పుడు జాతీయగీతం. ఇంత నియమం ఉన్న ఇంట్లోకి శుభ్రం లేనిదేదైనా అడుగు పెడుతుందా? పెట్టదు. కాళ్లూ చేతులూ కడుక్కునే వస్తుంది. మసి మొహానికి మాత్రమే.

'బ్లాక్ అండ్ వైట్ మిన్‌స్ట్రెల్ షో' బీబీసీలో 1958 నుంచి 1978 దాకా నడిచింది. తెల్ల గాయకులు మొహాలకి నల్లరంగు పులుముకుని, పెదవుల చుట్టూ తెల్లగా దిద్దుకుని, కళ్లు గుండ్రంగా తిప్పుతూ పాత అమెరికా పాటలు పాడేవాళ్లు. పక్కన ఆడే అమ్మాయిలకి రంగు లేదు, తెల్లగానే ఉండేవాళ్లు. మంచి రోజుల్లో కోటిన్నర పైచిలుకు జనం చూశారు. 1961లో స్విట్జర్లాండ్‌లోని మాంట్రూలో దీనికి గోల్డెన్ రోజ్ బహుమతి కూడా ఇచ్చారు. 1969లో బీబీసీ వన్‌కి కలర్ వచ్చింది. సాంకేతిక ప్రగతి పుణ్యమా అని మసి ఇంకా స్పష్టంగా కనిపించింది. మధ్యలో 1967లో కొందరు ఇది ఆపండి మహాప్రభో అని వినతిపత్రం ఇచ్చారు. దాని సంగతి తర్వాత.

ఇప్పుడు కామెడీ. 'ఇట్ ఏంట్ హాఫ్ హాట్ మమ్', బీబీసీ, 1974 నుంచి 1981. కథాకాలం 1945, స్థలం మన మహారాష్ట్రలోని దేవలాలీ సైనిక శిబిరం. దేవలాలీని ఇంగ్లండ్‌లోనే తయారుచేసుకున్నారు. మనిషిని కూడా అక్కడే తయారుచేసుకున్నారు. శిబిరంలో బేరర్ పేరు రంగీ రామ్. ఆ వేషం వేసింది మైకేల్ బేట్స్ అనే తెల్ల నటుడు, ఒంటికి గోధుమరంగు పూసుకుని, తలపాగా చుట్టుకుని. ఆయన పుట్టింది ఝాన్సీలోనే, ఉర్దూ గడగడా మాట్లాడతాడు, కాబట్టి తప్పేం లేదని అభిమానుల వాదన. సరే. ఝాన్సీ నీళ్లు తాగినవాడికి మళ్లీ రంగు డబ్బా దేనికి?

ఈ దృశ్యం దగ్గర కాసేపు ఆగుదాం, నాకు ఇదంటే మహా ఇష్టం. మధ్యలో రంగు పూసుకున్న బేట్స్. ఓ పక్క పంఖా తాడు లాగేవాడిగా బాబర్ భట్టీ. ఇంకో పక్క టీ అమ్మేవాడిగా డీనో షఫీక్, ఢాకాలో పుట్టినవాడు. అంటే రంగు పూయక్కర్లేని మనుషులు ఇద్దరు అదే గదిలో ఉన్నారు. అయినా ఆ పెద్ద వేషానికి తగిన ఆసియా నటుడు దొరకలేదని రచయితల బాధ.

మేకప్ గది నేను చూడలేదు గానీ ఊహించుకోగలను. బేట్స్ గారు కుర్చీలో కూర్చుంటారు. మేకప్ మనిషి డబ్బా మూత తీస్తాడు. ఏ ఛాయ కలపాలి? నమూనా ఉంటే బాగుండు. తలుపు దగ్గర కెటిల్ పట్టుకుని నిలబడ్డ షఫీక్‌ని పిలుస్తారు. "బాబూ, చెయ్యి కాస్త ఇలా పెట్టు." చేతి పక్కన చెయ్యి. కొంచెం ఎరుపు ఎక్కువైంది, తగ్గించండి. ఆఁ, ఇప్పుడు కుదిరింది, అచ్చం ఇండియన్! షఫీక్ చెయ్యి వెనక్కి తీసుకుని తన కెటిల్ దగ్గరికి వెళ్లిపోతాడు. భట్టీ మాత్రం తాడు లాగుతూనే ఉండాలి. రంగు ఆరాలి కదా మరి, గాలి కావద్దూ?

ఆ తర్వాత కెమెరా ముందుకొచ్చి రంగీ రామ్ 'మన బ్రిటిష్‌వాళ్లం' అంటూ మాట్లాడతాడు, ఈ ఇద్దరు నేటివులూ వేరే జాతి అన్నట్టు. జనం పగలబడి నవ్వుతారు. ఆలోచిస్తే మొత్తం సీరియల్లో అబద్ధం లేని డైలాగు అదొక్కటే. చివర్లో పేర్లు పడుతుండగా షఫీక్ 'ల్యాండ్ ఆఫ్ హోప్ అండ్ గ్లోరీ' అని బ్రిటన్ కీర్తిగీతం ఎత్తుకుంటాడు. వెంటనే సార్జెంట్ మేజర్ గొంతు: "షటప్!"

ఇప్పుడు చానెల్ మార్చండి. 1977 చివర్లో ఐటీవీలో మన పెద్దాయనకి ప్రాణమైన 'మైండ్ యువర్ లాంగ్వేజ్' మొదలైంది. లండన్‌లో రాత్రిపూట ఇంగ్లీషు నేర్పే క్లాసు. అలీ నదీమ్ అనే పాకిస్తానీగా క్లాసులో కూర్చున్నది ఎవరనుకున్నారు? మన షఫీకే. బీబీసీలో టీ, ఐటీవీలో తప్పుల ఇంగ్లీషు, రెండూ ఒకే కాలంలో. పక్కన మాటమాటకీ వెయ్యి క్షమాపణలు చెప్పుకునే సిక్కు. వేసినాయన ఆల్బర్ట్ మోజెస్, శ్రీలంకలో పుట్టినవాడు. వెనక అల్లిక సూదులు పట్టుకుని, ఇంగ్లీషు ముక్క రాని గృహిణి. ఆ వేషం వేసిన జమీలా మాసీ ఇంగ్లీషులో పుస్తకాలు రాసిన మనిషి. ఇంగ్లీషు రచయిత్రికి ఆ దేశం టీవీలో దొరికిన పని, ఇంగ్లీషు రానట్టు నటించడం.

1979లో దీన్ని ఐటీవీకి తీసిచ్చే కంపెనీలో కార్యక్రమాల అధిపతి మైకేల్ గ్రేడ్ దీన్ని ఆపేశాడు. జనం చూడక కాదు, బ్రహ్మాండంగా చూస్తున్నారు. ఇది మనుషుల్ని కించపరుస్తోందని ఆపాడు. అమ్మినవాడికే సిగ్గేసిన సరుకుని మనం ఇంకా ముద్దు పెట్టుకుని ఫార్వర్డ్ చేస్తున్నాం. 1993లో దూరదర్శన్ ఏకంగా హిందీలో దించేసింది. తెలంగాణ యాసని ఇన్నేళ్లూ రౌడీలకీ పనివాళ్లకీ పంచిపెట్టిన తెలుగు సినిమా చూసి పెరిగినవాళ్లం, ఈ రుచి మనకి కొత్తేం కాదులెండి.

మరి వలస వచ్చినవాళ్ల కోసం ఏమీ లేదా? లేకేం. 1968 నుంచి బీబీసీ 'నయీ జిందగీ నయా జీవన్' వేసేది, హిందూస్తానీలో. ఆదివారం పొద్దున్న, ఊరు బద్ధకంగా దొర్లే వేళ. రంగు పూసినవాళ్లకి రాత్రి, రంగుతో పుట్టినవాళ్లకి పొద్దున.

ఇక వ్యంగ్యం నా వల్ల కాదు. హాయిగా నవ్వుకున్న ఇంటిల్లిపాదిలో పిల్లలు కూడా ఉన్నారు. వాళ్లు మర్నాడు బడికి వెళ్లారు. ఆ బళ్లలో షఫీక్ రంగున్న పిల్లలు ఉన్నారు. రాత్రి విన్న యాస, రాత్రి విన్న పేరు, ఆటస్థలంలో వాళ్ల మీద పడ్డాయి. ఆ పిల్లలకి ఇప్పుడు అరవై దాటుతున్నాయి, అడిగితే చెబుతారు. 1978 మే 4న తూర్పు లండన్ వైట్‌చాపెల్‌లో అల్తాబ్ అలీ అనే బంగ్లాదేశీ దర్జీ పని ముగించుకుని ఇంటికి వెళ్తుంటే నడివీధిలో పొడిచి చంపారు. చంపినవాళ్లు కుర్రాళ్లు. కొద్ది రోజులకి అతని శవపేటిక వెంట వేలమంది ప్రధాని ఉండే డౌనింగ్ స్ట్రీట్ దాకా నడిచారు. టీవీ చూసి పొడిచారని నేననను. కానీ అతను చనిపోయేనాటికి బీబీసీ ఇంకా మసిమొహాల షో మానలేదు. 'రక్తపాతం లేదు' అంటారేంటండీ? తెర మీద లేదు, అంతేగా!

ఆ 1967 వినతిపత్రం సంగతి. అది వచ్చిన రోజుల్లోనే బీబీసీ లోపలే ఒకాయన, ఈ రంగు పూయడం బాగాలేదండీ అని పైవాళ్లకి రాశాడు. దానికి బీబీసీ పెద్ద అధికారి ఒకరు ఇచ్చిన జవాబు సారాంశం ఇది: నల్లవాళ్లకి వాళ్ల మేలు కోరేవాళ్లు ఇవ్వదగ్గ సలహా ఒక్కటే, మీ బాధ మాకు అర్థమైంది గానీ మీ మంచికే చెబుతున్నాం, దేవుడి పేరు చెప్పి నోరు మూసుకోండి. అప్పటికి అది ఆఫీసు కాగితం మాత్రమే. ఏడేళ్ల తర్వాత అదే మాటని సార్జెంట్ మేజర్ చేత అరిపించి, వెనకాల నవ్వులు కలిపి, ఇళ్లకి పంపించారు.