ముంచినవారే పంచుతున్నారు

వరద వచ్చిన మర్నాడు ప్రభుత్వాలు ఏం చెబుతాయో పాఠకులకు కంఠతా వచ్చు. ఇంతటి వాన కనీవినీ ఎరుగమంటారు, ప్రకృతి కన్నెర్ర చేస్తే ఎవరేం చేయగలరంటారు, చివరి బాధితుడి వరకూ ఆదుకుంటామంటారు. హెలికాప్టర్ ఒక చుట్టు చుట్టి వస్తుంది, నష్టం అంచనాలు ఢిల్లీకి వెళతాయి, బియ్యం, దుప్పట్లు పంపిణీ అవుతాయి. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. నీరు తీసి, బురద ఆరి, గొడవ సద్దుమణిగాక మరో ఫైలు చడీచప్పుడు లేకుండా కదులుతుంది. చెరువు శిఖంలోనో (నీరు నిలిచే నేలలోనో), నాలా మీదనో, వాగు ఒడ్డునో అనుమతి లేకుండా లేచిన కట్టడాల నుంచి అపరాధ రుసుము వసూలు చేసి, అవన్నీ సక్రమమేనని ముద్ర వేసే ఫైలు అది. మా అభ్యంతరమంతా ఆ ఫైలు మీదే. వాన కురవడం ఏ ప్రభుత్వ నేరమూ కాదు. ఆ నీరు నిలవవలసిన చోటును, పారవలసిన దారిని ఆక్రమించినవారికి రసీదు రాసివ్వడం మాత్రం ముమ్మాటికీ ప్రభుత్వ నేరమే. పైగా ఈరోజు ఒకరికి రాసిచ్చిన రసీదు రేపటి ఆక్రమణదారుకు పూచీకత్తు అవుతుంది.

ఈ విషయంలో చట్టం ఎటూ తేల్చకుండా వదిలేసిందనుకుంటే పొరపాటు. పంజాబ్‌లోని పటియాలా జిల్లాలో ఒక గ్రామ చెరువును పూడ్చి ఇళ్లు కట్టుకున్నవారిని ఖాళీ చేయించే బదులు, వారి నుంచి భూమి విలువ రాబట్టుకుంటే సరిపోతుందని కలెక్టర్ తేల్చిన వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2011 జనవరి 28న ఇచ్చిన తీర్పులో సర్వోన్నత న్యాయస్థానం ఆ వాదనను నిర్ద్వంద్వంగా తోసిపుచ్చింది. ఎన్నేళ్లుగా అక్కడ ఉంటున్నారన్నది గానీ, కట్టడం మీద ఎంత ఖర్చు పెట్టారన్నది గానీ, ఎవరి రాజకీయ అండ ఉందన్నది గానీ ఆక్రమణకు సమర్థన కాజాలదని స్పష్టం చేసింది. ఆక్రమణల తొలగింపునకు అన్ని రాష్ట్రాలూ పథకాలు రూపొందించాలని ఆదేశించింది. రాష్ట్రాలు పథకాలైతే రూపొందించాయి. కాకపోతే వాటిలో అత్యధికం తొలగింపు పథకాలు కావు, క్రమబద్ధీకరణ పథకాలు. ప్రతి పథకానికీ ఒక గడువు తేదీ ఉంటుంది. ఇదే ఆఖరి అవకాశమని ఉత్తర్వులోనే రాస్తారు. ఆ ఆఖరి అవకాశం ఎన్నికలకు ముందొకసారి, ఖజానా ఖాళీ అయినప్పుడు మరోసారి తిరిగి వస్తుంది. ముందే అనుమతి తీసుకుని, నిబంధన ప్రకారం ఇంటి చుట్టూ ఖాళీ స్థలం (సెట్‌బ్యాక్) వదిలి ఇల్లు కట్టుకున్న పౌరుడు ఇక్కడ అమాయకుడిగా మిగులుతాడు.

భూతాపం మాటేమిటని అడుగుతారు. అడగవలసిందే. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే దాదాపు 7 శాతం అదనంగా తేమను పట్టి ఉంచగలదన్నది భౌతిక శాస్త్రం ఏనాడో తేల్చిన సంగతి. అందువల్ల కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుంది. కురవని రోజుల్లో అదే వేడిగాలి నేలలోని చెమ్మను మరింత వేగంగా పీల్చేస్తుంది. ఒకే ఏడాది, ఒకే జిల్లాలో జూలైలో కరువు ఛాయలు, సెప్టెంబరులో వరద బీభత్సం కనిపించడానికి ఇది ఒక ముఖ్య కారణం. అయితే ఈ సత్యం మన పాలకుల చేతికి హెచ్చరికగా కాక సాకుగా చిక్కింది. వానలు ఉధృతమవుతాయని తెలిసిన తర్వాత కాలువలను వెడల్పు చేయాలా, ఉన్న కాలువల మీద కట్టిన దుకాణ సముదాయాలకు పన్ను నంబరు ఇవ్వాలా? ప్రమాదం పెరుగుతోందని అంతర్జాతీయ వేదికల మీద ఉపన్యసిస్తూ, ఇంటికి వచ్చి ఆ ప్రమాదానికి అడ్డుగా ఉన్న చెరువులు, కాలువలనే రక్షణను రుసుము పుచ్చుకుని వదిలేయడాన్ని ద్వంద్వనీతి అనక మరేమనాలి?

వరదను, కరువును వేరువేరు శాఖలకు, వేరువేరు పద్దులకు అప్పగించడంతో ఆ రెండింటికీ ఉన్న పుట్టుక సంబంధం ఎవరి కంటికీ ఆనడం లేదు. దక్కన్ పీఠభూమిలో కాకతీయుల కాలం నుంచి విస్తరించిన గొలుసుకట్టు చెరువుల తీరు చూస్తే ఆ సంబంధం ఇట్టే తెలుస్తుంది. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు వాగు వెంట కింది చెరువుకు చేరుతుంది, అదీ నిండితే ఆ కింది దానికి. భారీ వాన ఒక్కసారిగా ఊరి మీద పడకుండా అంచెలంచెలుగా ఆగుతుంది. ఆగిన నీరు తూముల ద్వారా ఆయకట్టుకూ, నేలలోకి ఇంకి బావులకూ దక్కుతుంది. ఈ గొలుసులో ఒక్క చెరువును పూడ్చి వెంచర్ వేస్తే ఏమవుతుంది? పై చెరువు అలుగు నీరు నేరుగా ఆ కాలనీ ఇళ్లలోకి వస్తుంది. కింది చెరువుకు వాగు రాదు, దాని ఆయకట్టు ఎండుతుంది, చుట్టుపక్కల బోర్లు అడుగంటుతాయి. ఒక్క లేఅవుట్‌తో ఎగువన వరద, దిగువన కరువు. రెండు చోట్లా పరిహారం చెల్లించేది ప్రజాధనం నుంచే. లాభం మాత్రం ప్లాట్లు అమ్ముకున్నవాడిది.

చెన్నై ఇందుకు తిరుగులేని సాక్ష్యం. 2015 డిసెంబరులో చెంబరంబాక్కం జలాశయం నుంచి వదిలిన నీటితో అడయారు నది పొంగి నగరం మునిగింది. ఆ విపత్తు మనుషులు తెచ్చిపెట్టుకున్నదేనని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక కుండబద్దలు కొట్టింది. నాలుగేళ్లు తిరగకముందే, 2019 వేసవిలో, అదే నగరానికి నీరందించే నాలుగు ప్రధాన జలాశయాలూ దాదాపు ఎండిపోయాయి. జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో తాగునీరు తెచ్చుకోవలసి వచ్చింది. వాన నీటిని ఒడిసిపట్టి మెల్లగా వదిలే పళ్లికరణై చిత్తడి నేల దశాబ్దాల తరబడి రోడ్లకు, కార్యాలయాలకు, చెత్త డంపింగ్‌కు కరిగిపోయిందన్న నిజాన్ని ఈ రెండు విపత్తుల లోనూ విస్మరించలేం. ఆ నేల మీద కట్టినవారిలో ప్రైవేటు సంస్థలే కాదు, ప్రభుత్వ సంస్థలూ ఉన్నాయి. ప్రభుత్వమే చెరువులో కట్టాక పౌరుడిని ఏ ముఖంతో ఆపుతుంది?

హైదరాబాద్ కథ ఇంకా విచిత్రం. 1908 సెప్టెంబరులో మూసీ వరద సుమారు 15 వేల మందిని పొట్టన పెట్టుకుందని అంచనా. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సిఫార్సులతో ఎగువన జలాశయాలు రూపుదిద్దుకున్నాయి. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటి తొలి ఉద్దేశం వరదను ఆపడం, ఆపిన నీటితో నగరం దాహం తీర్చడం. ఒకే కట్టతో రెండు విపత్తులకూ జవాబు చెప్పిన ఇంజినీరింగ్ అది. వాటి పూర్తి స్థాయి నీటి మట్టం నుంచి 10 కిలోమీటర్ల పరిధిలో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో 111 జీవో వచ్చింది. 2022లో ఆ ఆంక్షలను ఎత్తివేస్తూ మరో జీవో వెలువడింది. నగరానికి తాగునీరు ఇప్పుడు కృష్ణా, గోదావరి, మంజీరా నుంచి వస్తోంది గనుక ఈ జంట జలాశయాల మీద ఆధారపడవలసిన అవసరం తగ్గిందన్నది చెప్పిన కారణం. దాహం కోసం అవసరం తగ్గితే వరద కోసం అవసరం కూడా తగ్గుతుందా? పరీవాహక ప్రాంతం కాంక్రీటుగా మారితే వాన నీరు ఇంకకుండా ముందుకన్నా వేగంగా జలాశయంలోకి దూకుతుందని, గేట్లు ఎత్తే వ్యవధి తగ్గుతుందని ఆ ఉత్తర్వు రాసినవారికి తెలియదని మేము అనుకోవడం లేదు. రక్షణ గీతను ఒకసారి చెరిపేస్తే, మరో చెరువు చుట్టూ ఉన్న గీతను నిలబెట్టడానికి ఏ ప్రభుత్వానికీ నైతిక బలం మిగలదన్నదే మా భయం.

ఆక్రమణలు తొలగిస్తే పేదలు రోడ్డున పడతారన్నది క్రమబద్ధీకరణను సమర్థించేవారి ప్రధాన వాదన, అందులో మానవీయ కోణం లేకపోలేదు. కానీ సుప్రీంకోర్టు తీర్పులోనే భూమిలేని కూలీలకు, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ప్రభుత్వమే కేటాయించిన స్థలాల విషయంలో మినహాయింపు ఉంది. ఆ మినహాయింపును అడ్డం పెట్టుకుని బహుళ అంతస్తుల భవనాలకు రసీదులు ఇస్తున్నారు. నాలా పక్కన గుడిసె వేసుకున్నవాడికి నిజంగా మేలు చేయాలనుకుంటే మెట్ట మీద ఇల్లు కట్టించి ఇవ్వాలి. అదే నాలా పక్కన పట్టా ఇచ్చి వాడిని శాశ్వతంగా ముంపులో కూర్చోబెట్టడం దయ ఎలా అవుతుంది? 1995లో నదులు పొంగి సుమారు రెండున్నర లక్షల మందిని తరలించవలసి వచ్చిన నెదర్లాండ్స్, ఆ తర్వాత కట్టల ఎత్తు పెంచుకుంటూ పోవడంతో ఆగకుండా, 30కి పైగా చోట్ల నదికి అదనపు స్థలం కేటాయించింది. అందుకు ఇళ్లు, పొలాలు వదులుకున్నవారికి పరిహారం ఇచ్చింది. ఖర్చయింది, వ్యతిరేకతా వచ్చింది, పని మాత్రం జరిగింది.

కరువు సంగతికి వస్తే ఈ రసీదుల పాలన మరింత నిశ్శబ్దంగా నడుస్తోంది. ప్రధానంగా వర్షపాత లోటు ఎంత శాతమో చూసి కరువు మండలాలను ప్రకటించేసి చేతులు దులుపుకుంటున్నారు. వాన తగ్గడం ఒక్కటే కరువు కాదు. వాన లోటు, పైరు వేళ్లకు అందే తేమ లోటు, నదుల్లో, జలాశయాల్లో, భూగర్భంలో నీటి లోటు అన్నవి ఒకదాని తర్వాత ఒకటి వచ్చే దశలు. మొదటిది ఆకాశం చేతిలో ఉంది. మిగతావి చాలావరకు మన చేతుల్లోనే ఉన్నాయి. మెట్ట ప్రాంతాల్లో వరికి, చెరకుకు నీరు తోడే బోర్లను అదుపు చేయడానికి చట్టాలు ఉన్నా, అనుమతి లేని బోరుకూ విద్యుత్ కనెక్షన్ వస్తుంది, తర్వాత ఏదో ఒక రోజు అదీ క్రమబద్ధమవుతుంది. మళ్లీ అదే జబ్బు. 1876-78 నాటి ధాత కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ జనం ఆకలితో రాలిపోతుంటే రేవుల నుంచి ధాన్యం ఓడలకెక్కింది. సహాయ శిబిరాల్లో రాళ్లు కొట్టే కూలీకి రోజుకు ఒక పౌండు (సుమారు 450 గ్రాములు) ధాన్యం చాలని, బ్రిటిష్ ప్రభుత్వం పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ లెక్కగట్టాడు. వానలు లేకపోవడాన్ని ప్రాణాంతకంగా మార్చింది పాలన. ఆ పాలన పోయినా, తప్పంతా ఆకాశానిదేనని చేతులు దులుపుకునే అలవాటు మాత్రం వారసత్వంగా మిగిలింది.

ఫలితాలు అనుభవించేది ఎవరో చెప్పనక్కరలేదు. వరద తీశాక పొలంలో ఇసుక మేటలు మిగులుతాయి, వాటిని తొలగించే ఖర్చు ఒక పంట విలువను మించిపోతుంది. కలుషిత నీటితో అతిసారం మొదలవుతుంది, ఎలుకల ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ జ్వరం వారాల తర్వాత బయటపడుతుంది, అప్పటికి వైద్య శిబిరాలు ఎత్తేసి ఉంటారు. కరువులో పశువులు అయినకాడికి అమ్ముడవుతాయి, కుటుంబాలు వలస పోతాయి, పిల్లల చదువు ఆగుతుంది. ఎంత లోతుకు పోతే అంత ఫ్లోరైడ్ నీరు పైకొస్తుంది. పెట్టుబడి రాయితీ పట్టాదారు ఖాతాలో పడుతుంది, మునిగింది మాత్రం కౌలు రైతు పైరు. చెరువులో కట్టిన భవనానికి కాగితం పుట్టించగల ప్రభుత్వం, కౌలుదారుకు గుర్తింపు కాగితం ఇవ్వడానికి సవాలక్ష కొర్రీలు వేస్తుంది.

బాధ్యత అన్న మాట ఎత్తితే అధికార యంత్రాంగం విస్తుపోతుంది. 2023 సెప్టెంబరులో లిబియాలోని దెర్నా నగరాన్ని, ఎగువన నిర్వహణ లేక శిథిలమైన రెండు డ్యాములు తెగి వరద తుడిచిపెట్టింది. వేలాది మంది సముద్రంలోకి కొట్టుకుపోయారు. రెండు ప్రభుత్వాలుగా చీలిపోయిన ఆ దేశంలో సైతం, మరుసటి ఏడాది జూలైలో 12 మంది ప్రస్తుత, మాజీ అధికారులకు న్యాయస్థానం జైలు శిక్షలు వేసింది. నిలకడైన వ్యవస్థలున్నాయని గర్వపడే మన దగ్గర, నాలా మీద భవనానికి అనుమతిచ్చిన ఒక్క అధికారి పేరు బయటపెట్టడానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టుకుని నెలల తరబడి తిరగాలి. బుల్డోజర్ వచ్చినా అది కొనుక్కున్నవాడి గోడ మీదికే వస్తుంది. అమ్మినవాడి, సంతకం చేసినవాడి గడప తొక్కదు.

క్రమబద్ధీకరణ రుసుముల ద్వారా ఇన్ని కోట్లు రాబట్టామని ఆర్థిక మంత్రులు బడ్జెట్ ప్రసంగంలో గొప్పగా చదువుతారు. అదే పేజీలో, ఆ కట్టడాల కారణంగా మునిగిన కాలనీలకు, వాటి దిగువన ఎండిన ఆయకట్టుకు ఎంత ఖర్చయిందో కూడా చదవాలి. నీటి వనరుల పరిధిలో క్రమబద్ధీకరించిన ప్రతి కట్టడం సర్వే నంబరును, దాన్ని సిఫార్సు చేసిన, ఆమోదించిన వారి పేర్లను శాసనసభ ముందుంచాలి. ఈ పని చేయడానికి కేంద్ర నిధులు అక్కరలేదు, కొత్త చట్టం అక్కరలేదు, విదేశీ సాంకేతికత అంతకన్నా అక్కరలేదు. అది కూడా చేతకానివారు, వచ్చే వరదకు ఢిల్లీ తగినంత సాయం చేయలేదని గగ్గోలు పెట్టడం మానుకోవాలి.