ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ చివరి బోల్టు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ చివరి బోల్టు గారి దివ్యసముఖమునకు,

తిరుపతి ఆటోనగర్‌లో, కాలిన రేకుల షెడ్డు కింద, ఒక కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీలో మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి ఈ రోజు తమరు నాకు చేసిన సన్మానానికి కృతజ్ఞతగా ఈ లేఖ రాసుకుంటున్నాను. ఇంజిన్ పొగను పోగుచేసి సైలెన్సర్ వైపు పంపే గొట్టం ఎగ్జాస్ట్ మానిఫోల్డ్; దాన్ని ఇంజిన్ పైభాగమైన సిలిండర్ హెడ్డుకు బిగించి ఉంచే బోల్టుల్లో తమరు కొసవారు. ఇన్నాళ్లకు ఒక మెకానిక్ ధైర్యం చేసి, హీట్ షీల్డ్ విప్పి స్పానర్ తగిలిస్తే, తమరి తలకాయ తెగి కింద ట్రేలో పడింది. మొండెం మాత్రం సిలిండర్ హెడ్డులోనే భద్రంగా ఉండిపోయింది.

పొద్దున బండి స్టార్ట్ చేయగానే టిక్కుటిక్కుమనడం, ఇంజిన్ వేడెక్కగానే ఏమీ ఎరగనట్టు ఊరుకోవడం తమరికే చెల్లిన విద్య. వేడికి ఇనుము సాగి, తమరి దగ్గర పొగ కారే సందు కాసేపు పూడుకుంటుందన్న సంగతి పట్టించుకోని వారు ట్యాపెట్లని ఒకరు, ఇంజెక్టర్లని ఒకరు తలో పేరు చెప్పి తలో బిల్లు రాశారు. తమరి పక్కన, మానిఫోల్డ్‌కూ హెడ్డుకూ మధ్య పొగ కారకుండా పెట్టే గ్యాస్కెట్ అంచు వెంట పరుచుకున్న నల్లటి మసి చార ఒక్కటే మొదటి నుంచీ నిజం చెబుతోంది.

ఆ చారను చూడాలన్నా కష్టమే, తమరి నివాసం అలాంటిది. మిగతా బోల్టులన్నీ బానెట్ ఎత్తగానే కనబడతాయి. తమరు మాత్రం ఇంజిన్‌కూ మనం కూర్చునే చోటుకూ మధ్య గోడ అయిన ఫైర్‌వాల్‌ను ఆనుకుని, టర్బో చాటున కొలువుదీరారు. అక్కడ సాకెట్ పట్టితే రాట్చెట్ తిరగదు, రింగు స్పానర్ దూరితే చెయ్యి దూరదు, చెయ్యి దూరితే కంటికి ఏమీ కనబడదు. అందుచేత సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ చేతికందిన వాటిని బిగించి, తమరికి దూరం నుంచే దండం పెట్టి, “అన్నీ టైటు చేసేసినాను సార్, ఇంగ సౌండు రాదు” అనడం ఆనవాయితీ అయిపోయింది. అన్నీ అంటే తమరు తప్ప అన్నీ. బిల్లులో మాత్రం తమరూ ఉంటారు.

న్యాయానికి ఎక్కువ సేవ అవసరమైంది తమరికే. 1974లో వేసిన రెండో ఘాట్ రోడ్డు మీద, నిండు బండితో, సెకండ్ గేరులో తిరుమల ఎక్కుతున్నప్పుడు మానిఫోల్డ్ గుండా పోయే పొగ వేడి 600 డిగ్రీలు దాటుతుంది. కూలెంట్ తిరిగే హెడ్డు మాత్రం 100 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. కాబట్టి మానిఫోల్డ్ హెడ్డును మించి సాగి, నడిమి నుంచి రెండు కొసలకూ జరుగుతూ, చివరి బోల్టులను పక్కకు నెడుతుంది. మొదటి ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు చల్లబడి మళ్లీ ముడుచుకుంటుంది. నడిమి బోల్టులు హాయిగా ఉండగా కొసలవే వదులై, తుప్పు పట్టి, తెగేది ఇందుకే. ఇంత తెలిసీ, అన్నిటికన్నా ఎక్కువ నలిగే బోల్టును చెయ్యి పట్టని చోట పెట్టిన ఇంజనీరు మహాశయుడు జన్మలో స్పానర్ పట్టి ఉండడని నా గట్టి నమ్మకం.

8 ఎంఎం బోల్టుకు 25 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల బిగింపు చాలు. అదీ ఇంజిన్ పూర్తిగా చల్లారాక, నడిమి నుంచి కొసలకు, రెండు మూడు విడతల్లో. బిగింపును కొలిచే టార్క్ రెంచ్ ఉందా అని అడిగితే “చెయ్యే మీటరు సార్” అంటూ స్పానర్‌కు పైపు తొడిగిన మహానుభావుడికి వేరే లేఖ రాయాలి.

శబ్దమొక్కటే అయితే భరించేవాణ్ణి. అద్దాలు మూసుకుని ఇంటిల్లిపాదీ పోతుంటే నీ సందులోంచి కారిన పొగ ఏసీ గుండా లోపలికి వస్తోంది. మసి వాసన అయినా తెలుస్తుంది, అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. వెనక సీట్లో మా అమ్మ తలనొప్పితో కణతలు నొక్కుకుంటూ, ఘాటు మలుపులకు తల తిరుగుతోందని సరిపెట్టుకుంది. ఒక్క బోల్టువు, చిటికెన వేలంత లేవు, ముసలామె ఊపిరితో ఆటలాడతావా?

ఈ రాత్రికి నీ మొండెం మీద తుప్పు వదిలే నూనె పోసి నానబెట్టారు. రేపు పొద్దున దాని మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేస్తారు. ఆ వేడికి పట్టు వదిలితే మర్యాదగా తిరిగి బయటికి రా. రాకపోతే డ్రిల్లు వేయించి, కొత్త మరలు కోయించి, ఆ చోట వేరే బోల్టు పెట్టిస్తాను. లేత్ షాపు ఖర్చు ఎటూ నా నెత్తినే.

ఇట్లు,
రేపు కూడా బస్సులోనే ఆఫీసుకు పోవలసిన
బండి యజమాని