సవరణ: పేటెంట్ మినహాయింపు మందులకు కాదు, టీకాలకే

నిన్నటి పోస్టులో "2022లో ప్రపంచ వాణిజ్య సంస్థ కోవిడ్ మందులన్నిటి మీదా పేటెంట్లు ఎత్తేసింది" అని రాశాను. అది తప్పు. భారత్, దక్షిణాఫ్రికా 2020 అక్టోబరులో అడిగింది మాత్రం దాదాపు అంతే: టీకాలు, మందులు, పరీక్ష కిట్లు అన్నిటికీ తాత్కాలిక మినహాయింపు. 2022 జూన్‌లో జెనీవాలో చేతికొచ్చింది టీకాల పేటెంట్ల వరకే, అదీ ఐదేళ్లకు, అర్హత ఉన్న వర్ధమాన దేశాలకు. అప్పటికే టీకాల కొరత చాలావరకు తీరిపోయింది, అది వేరే సంగతి.

రెండో తప్పు ఇంకా పెద్దది. కోవిడ్ చికిత్సలో వాడిన బారిసిటినిబ్ అనే మందుకు హైదరాబాద్ కంపెనీ నాట్కో కంపల్సరీ లైసెన్స్ (పేటెంట్ ఉన్నవాళ్లు ఒప్పుకోకపోయినా మందు తయారుచేసుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) "తెచ్చుకుంది" అన్నాను. తెచ్చుకోలేదు. 2021 మే నెలలో దరఖాస్తు పెట్టింది. ఆ నెలలోనే పేటెంట్ ఉన్న ఎలి లిల్లీ తనంతట తనే లైసెన్స్ ఇవ్వడంతో దరఖాస్తు వెనక్కి తీసుకుంది.

నేను కలగాపులగం చేసింది 2012 నాటి కేసుతో. అప్పుడు నాట్కోకు నిజంగానే కంపల్సరీ లైసెన్స్ వచ్చింది, బేయర్ వారి క్యాన్సర్ మందు నెక్సావర్ మీద. నెలకు సరిపడా 120 మాత్రలు సుమారు 2.8 లక్షల రూపాయల నుంచి 8,800కు దిగాయి. బేయర్‌కు రాయల్టీ (అమ్మకాల్లో కొంత వాటా) కూడా ముట్టింది, కాబట్టి పేటెంట్‌ను "ఊరికే లాక్కున్నారు" అని నిన్నటి పోస్టులో నేనన్న మాటా చెల్లదు.

పాత పోస్టులో ఈ మూడు చోట్లా దిద్దాను. షేర్ చేసినవాళ్లు దయచేసి ఇది కూడా పంపండి.