గాడి తప్పించే స్పైరల్ గారికి

మహారాజశ్రీ కెమెరా ఫిల్ము కడిగే డెవలపింగ్ ట్యాంకు నివాసి, ఫిల్మును చుట్లు చుట్లుగా గాడుల్లో పట్టుకునే తెల్ల ప్లాస్టిక్ స్పైరల్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం కాదు. తమరు క్షేమంగానే ఉన్నారని తెలుసు. నిన్న మధ్యాహ్నం తమరిని గోడకేసి కొడదామని చెయ్యెత్తి, ధర గుర్తొచ్చి దించింది నేనే కదా.

జరిగింది తమరికి చెప్పాల్సిన పనిలేదు. చీకట్లో మనిద్దరమే ఉన్నాం. అయినా సాక్ష్యంగా ఉంటుందని రాస్తున్నాను. ఆదివారం, మధ్యాహ్నం 2 గంటలు, రాజమండ్రి, రోహిణి కార్తె. బాత్‌రూము వెంటిలేటరుకు నల్ల కాగితం అంటించి, తలుపు కింద సందులో తువ్వాలు కుక్కి, చొక్కా విప్పి, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, తమరిని ఒళ్లో పెట్టుకున్నాను. పాతికేళ్ల తర్వాత మళ్లీ ఇంట్లో రీలు కడగడం మొదలుపెట్టిన వాణ్ణి, ఇది రెండో రీలు. భయం ఉంది, భక్తి కూడా ఉంది. ఫిల్ము కొస సాపుగా కత్తిరించి, రెండు మూలలూ గుండ్రం చేసి, తమరి నోటికి అందించాను. రెండు చక్రాలనూ అటూ ఇటూ తిప్పుతుంటే తమరి బేరింగు గోళీలు టిక్కు టిక్కుమంటూ ఫిల్మును లోపలికి లాక్కున్నాయి. 36 ఫొటోల రీలంటే అయిదు అడుగుల పైచిలుకు. మూడు అడుగులు బుద్ధిగా మింగారు. తర్వాత ఆగారు.

ఆగడమంటే అలకపాన్పు ఎక్కడమే. అల్లుడైతే ఉంగరమో స్కూటరో అడుగుతాడు, ఏదో ఒకటి చేతిలో పెట్టి దించుతాం. తమరికేం కావాలో తమరు చెప్పరు. మెల్లగా తట్టాను. ఊపాను. ఊదాను. అడుగు వెనక్కి లాగి మళ్లీ తోశాను. కటిక చీకట్లో ఫిల్ము గాడిలో ఉందో, గాడి దాటి పక్క చుట్టు మీద ఎక్కిందో తెలిసేది వేలికొసకే. ఆ వేలికొసకే చెమట. మోచేతి మీదుగా కారిన చుక్క మణికట్టు దగ్గర ఒక్క క్షణం ఆగి, సరిగ్గా ఎక్కడ పడకూడదో అక్కడే పడింది. చప్పుడు కూడా వినబడింది.

తలుపు చప్పుడైంది. "ఏమండీ, ఇంకెంతసేపు? అత్తయ్యగారికి బాత్‌రూము కావాలట."

"పది నిమిషాలు."

"ఆ మాట చెప్పి ముప్పావుగంట అయింది."

తలుపు తీస్తే వెలుగు, ఫిల్ము పాడు. తీయకపోతే అమ్మ. అప్పుడు తోశాను. బలంగా తోశాను. కర్రుమంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. తమరి గాడి పళ్లు మాత్రం ఒక్కటీ పగల్లేదు, నా ఫిల్మే మడతపడింది.

మిగతా వాళ్ల మీద నాకు పెద్ద ఫిర్యాదుల్లేవు. ఫిల్ము మీద బొమ్మ తేల్చే మందు, డెవలపరు, 20 డిగ్రీలుండాలట, మా మేడమీద ట్యాంకు నీళ్లతో ఆ వేళ కాఫీ కలుపుకోవచ్చు. ఫ్రిజ్‌లోని ఐసుముక్కలన్నీ గిన్నెలో వేసి సీసా అందులో దించాను, సాయంత్రం చుట్టాలకు మజ్జిగ వెచ్చగానే ఇచ్చాం. తేలిన బొమ్మను నిలబెట్టే మందు, హైపో, దాని వాసన సాంబారులోకి వచ్చిందని ఇంట్లో అన్నారు. అది వంకాయ తప్పు కూడా కావచ్చు. "రీలు చేస్తున్నాను" అంటే మేనల్లుడు "మామయ్యా, ఎన్ని లైకులొచ్చాయి?" అని అడిగాడు. పోనిద్దాం. వీళ్లెవరూ నన్ను చీకట్లో మోసం చేయలేదు.

మోసం చేసింది నువ్వు. ఇక తమరూ గిమరూ లేదు.

డెవలపరులో ఏడున్నర నిమిషాలు గడియారం చూసుకుంటూ, నిమిషానికి పది సెకన్లు ట్యాంకు తిరగేస్తూ, పసిపిల్లకు లాల పోసినట్టు కడిగాను. హైపో అయ్యాక మూత తీసి చూశాను. ఫిల్ము నిండా నెలవంకలు. చీకట్లో నేను మడతపెట్టిన చోటల్లా ఒకటి, మొత్తం ఏడు. అదీ సహించేవాణ్ణి. కానీ నీ కడుపులో రెండు చుట్లు ఒకదానికొకటి అతుక్కుని కూర్చున్నాయి. అక్కడికి డెవలపరూ పోలేదు, హైపో కూడా పోలేదు. పాలమీగడ లాంటి మచ్చ మిగిలింది. ఎక్కడ? 22, 23 ఫొటోల మీద. మార్కెట్లో ఆవకాయకు మామిడికాయలు కొట్టే మనిషి, కత్తి గాల్లో ఉన్న క్షణం కోసం అరగంట ఎండలో నిలబడి తీసినవి. మా బావమరిది కొత్త కారు పక్కన నాలుగు భంగిమల్లో తీయించుకున్నవి మాత్రం నాలుగుకు నాలుగూ అద్దంలా వచ్చాయి. చక్రం బోల్టుతో సహా లెక్కపెట్టుకోవచ్చు. నీకు కళ్లున్నాయని, వాటిలో కుళ్లుందని అప్పుడే తెలిసింది.

నా చిన్నప్పుడు మా వీధి స్టూడియోలో నీ పేరే ఎవరికీ తెలియదు. ఊటీలో తయారైన ఇందు బ్రాండు రీలును రెండు కొసలూ రెండు చేతుల్తో పట్టుకుని, ట్రేలోని మందులో ముంచి తేల్చి, ముంచి తేల్చి, ఊయల ఊపినట్టు కడిగేవాడు స్టూడియో ఆయన. పెళ్లిళ్లకు పెళ్లిళ్లు అలాగే కడిగాడు. ఒక్క పెళ్లికూతురి ముఖం మీదా మీగడ మచ్చ పడలేదు. ఆయన చెప్పిన ఒకే ఒక్క మాట గుర్తుంది. "తడి చెయ్యి పెట్టకురా."

ఇక్కడ కొంచెం ఆగాలి. ఈ ఉత్తరం రెండు రోజులుగా రాస్తున్నాను, ఇక్కడికి వచ్చినప్పుడల్లా కలం ఆగుతోంది.

నిజమే, ఆ రోజు పొద్దున్నే నీతో మొదటి రీలు కడిగాను. కడిగాక నిన్ను దులిపి, తువ్వాలుతో తుడిచి, మధ్యాహ్నానికే మళ్లీ ఎక్కించాను. గాడుల్లోపల తడి అలాగే ఉండి ఉంటుంది. తడి తగిలితే ఫిల్ము మీది జెలటిన్ ఉబ్బి జిగురవుతుందని నాకు తెలియక కాదు. నీటి మరకలు పడకుండా చివర్లో వేసే సబ్బులాంటి మందులో కూడా నిన్ను అలాగే ముంచాను, ఫిల్మును బయటికి తీసి ముంచాలన్న జ్ఞానం ఉండీ. ఆ జిడ్డు నీ గాడుల్లో పేరుకుంది. ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1819లో హైపోకు వెండి లవణాలను కరిగించే గుణముందని కనిపెట్టాడు. దాన్ని ఫొటోకు వాడడానికి 1839 దాకా పట్టింది. ఇరవై ఏళ్లు. నేను నువ్వు ఆరేదాకా ఒక్క పూట ఆగలేకపోయాను.

అయినా ఆ 22వ ఫొటో తప్పు నీదే. 23వది కావాలంటే చెరి సగం.

ఇట్లు,
బకెట్టు మీద కూర్చున్నవాడు

తా.క.: ఈ పొద్దున తమరిని వేణ్ణీళ్లలో పాత పళ్ల బ్రష్షుతో గాడి గాడికీ తోమి, డాబా మీద వడియాల పక్కన నీడపట్టున ఆరబెట్టాను. కాకి ఒకటి వడియాలు వదిలేసి తమరిని పొడవబోతే, కర్ర పట్టుకుని పరిగెత్తింది కూడా నేనే.