రోళ్లు పగలని రోహిణి

ఎండాకాలం తన డ్యూటీ సరిగ్గా చేయడం లేదన్న సంగతి ఇకనైనా రికార్డుల్లోకి ఎక్కాలి. 2025నే తీసుకోండి. రోహిణి కార్తె మే 25న పడింది. రోళ్లు పగలాల్సిన కార్తె అది. దానికి ఒక్క రోజు ముందు, ఎనిమిది రోజుల తొందరతో, నైరుతి రుతుపవనాలు కేరళలో దిగాయి. 26కల్లా తెలుగు నేల మీదికీ వచ్చేశాయి. రెండు వారాల పదవీకాలంలో రోహిణికి దక్కింది ఒక్క రోజు. అవిశ్వాస తీర్మానానికి కూడా కాస్త వ్యవధి ఇస్తారే! రోళ్లు ఎలాగూ చాలా ఇళ్లలో లేవు కాబట్టి పగల్లేదన్న లోటు ఎవరికీ తెలియలేదు. సామెత పరువు మాత్రం పోయింది.

నిజానికి ఆ ఏడాది వేసవి మొదట్లో వాతావరణ శాఖ చెప్పింది వేరు. దేశంలో చాలాచోట్ల వడగాడ్పుల రోజులు మామూలు కన్నా ఎక్కువే ఉంటాయంది. దాన్ని నమ్మి ఊరూరా చలివేంద్రాలు వెలిశాయి. తాటాకు పందిరి, తడిగుడ్డ చుట్టిన నాలుగు కుండలు, ఆ నాలుగు కుండలూ కనబడకుండా నిలబెట్టిన నాయకుడి ఫ్లెక్సీ. మే నెలలో ఆ పందిరి కింద జనం నిజంగానే కిక్కిరిశారు, వాన తగ్గేదాకా తలదాచుకోవడానికి. మూత పెట్టని కుండలు పైనుంచే నిండాయి. ప్రారంభోత్సవం తర్వాత నీళ్లు పోసే నాథుడు లేని చలివేంద్రాలకు అదొక వరం. దేశం మొత్తం మీద ఆ మేలో సగటున 126.7 మిల్లీమీటర్ల వాన పడింది. 1901 నుంచి లెక్క చూస్తే ఏ మేలోనూ అంత పడలేదు. కూలర్ల కొట్లలో ఈగలు తోలుకున్నారు. ఆవకాయకు ముక్కలు తుడిచి ఆరబెట్టినవాళ్లు, మేడ మీద వడియాలు పెట్టినవాళ్లు ఆకాశాన్ని ఏమన్నారో ఇక్కడ రాయలేను.

అంత తొందరపడి వచ్చిన రుతుపవనం తర్వాతేం చేసింది? పండక్కి పది రోజుల ముందే దిగి, తీరా పండగనాడు ముసుగుతన్ని పడుకున్న అల్లుడిలా, మే ఆఖరు నుంచి జూన్ సగం దాకా ఉన్నచోటనే ఆగిపోయింది. మొదటి వానలు చూసి మురిసి పత్తి గింజలు పెట్టినవాళ్లు మళ్లీ మొగులు వైపు చూడాల్సి వచ్చింది.

ఈ మధ్యలో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లోని పెద్దమనుషులు ఒక నిర్ణయానికి వచ్చేశారు. "భూమి వేడెక్కుతోందని భయపెట్టారు కదండీ, మేలో దుప్పటి కప్పుకుని పడుకున్నాం. ఏదీ వేడి?" అన్నారు. కింద ఇరవై మంది చప్పట్లు కొట్టారు. జూన్ రెండో వారంలో ఉక్కపోతకు అదే గ్రూపులో "కలికాలం" అని పెట్టింది కూడా వీళ్లే.

శాస్త్రం చెప్పేది ఇంత సుఖంగా ఉండదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. సముద్రాలూ వేడెక్కుతున్నాయి గనుక ఆ తేమకు కరువు లేదు. బంగాళాఖాతం నుంచి తడిగాలి, వాయవ్యం నుంచి పొడిగాలి వచ్చి మన నెత్తిన కలుస్తాయి. కింద నేల పెనంలా కాగి ఉంటుంది. సాయంత్రానికి క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘం లేచి, వారం రోజులకు సరిపడా వానను గంటలో కుమ్మరించి పోతుంది. అంటే వేడి పెరిగినందుకే వాన ముదరొచ్చు. అలాగని ఫలానా మంగళవారం కురిసిన వానకు భూతాపమే బాధ్యత అని ఏ శాస్త్రవేత్తా వెంటనే సంతకం పెట్టడు. పాత లెక్కలు చూడాలంటాడు, మోడల్ నడపాలంటాడు, "కావచ్చు" అంటాడు.

మన అధికారులకు ఇంత మొహమాటం లేదు. నాలాలో పూడిక తీయలేదేమని అడిగితే వాతావరణ మార్పు. వేసిన నెలకే రోడ్డు కొట్టుకుపోయిందేమంటే వాతావరణ మార్పు. చెరువులో కట్టిన కాలనీలోకి చెరువు తిరిగొస్తే, అదీ వాతావరణ మార్పే. నిన్నటిదాకా ఆ మాట పలకడానికి తడబడినవాళ్లు కూడా ఇప్పుడు మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, మైకుల ముందు పర్యావరణం మీద ఉపన్యాసం ఇస్తున్నారు. ఇంత అణకువ గల నిందితుడు ప్రభుత్వాలకు మునుపెన్నడూ దొరకలేదు. దానికి ఫోన్ నంబరు లేదు, విచారణకు పిలవక్కర్లేదు, సస్పెండ్ చేస్తే యూనియన్ అడ్డు రాదు.

ఈ సౌకర్యం దక్కనిది ఒక్క రైతుకే. యాసంగి కోతలు సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లో పడతాయి. కొనుగోలు కేంద్రంలో వడ్ల తేమ 17 శాతం దాటకూడదు. కాళ్లతో చాళ్లు తీస్తూ, తిరగబోస్తూ, నాలుగు రోజులు ఎండబెడితే మిషన్ పదహారు చూపిస్తుంది. ఆ రోజు గన్నీ సంచులు రావు. మర్నాడు సంచులొస్తే లారీ రాదు. ఆ రాత్రి వాన వస్తుంది. టార్పాలిన్ దొరకనివాళ్లు చలివేంద్రం ఫ్లెక్సీ ఊడబీకి కుప్ప మీద కప్పుతారు. నాయకుడు ప్రజలను స్వయంగా ఆదుకునేది అప్పుడే.

"సార్, మొన్న పదహారే వచ్చింది గదా?"

"మొన్నటి లెక్క మొన్నటిదే. ఇయ్యాల ఇరవై ఒకటి ఉంది. ఎండబెట్టుకొని రా పో."

"ఎండ ఏది సార్?"

"నన్నడిగితే ఎట్ల? వాతావరణం మారింది."

మారిన వాతావరణం కాంటా దగ్గర మాత్రం రైతు ఖాతాలోనే పడుతుంది. అడుగున వడ్లు మొలకెత్తితే అదొక కోత, రంగు మారితే ఇంకో కోత, మిల్లుకు చేరాక మరొకటి.

కాబట్టి ప్రభుత్వాల ముందు నాదొక ప్రతిపాదన. తేమ కొలిచే మిషన్లు ఇకపై కల్లాల్లో వద్దు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా సముద్రం ఒడ్డున వరసగా పెట్టించండి. వచ్చిన మేఘాన్ని వచ్చినట్టే ఆపి కొలవండి. పదిహేడు దాటితే ఎండబెట్టుకుని రమ్మని వెనక్కి పంపండి. మరీ బతిమాలితే బస్తాకు రెండు కిలోల చొప్పున తరుగు తీసి లోపలికి వదలండి. ఆ తరుగు ఎవరింటికి పోతుందన్న బెంగ వద్దు. వడ్ల తరుగు ఎక్కడికి పోతోందో ఎవరైనా అడిగారా?