కారెక్కిన సైకిలు

హైదరాబాదు ట్రాఫిక్‌కి మందు ఇంకో ఫ్లైఓవరే. కిందటి ఫ్లైఓవరు కట్టినప్పుడూ నేను ఈ మాటే అన్నాను, మాట మార్చే మనిషిని కాదు. 2009లో తెరిచిన పీవీ ఎక్స్‌ప్రెస్‌వే చూడండి. ఆరాంఘర్ దగ్గర ఎక్కితే 11.6 కిలోమీటర్లు రయ్యిమని వచ్చేసి, మెహదీపట్నంలో దిగి బుద్ధిగా నిలబడతాం. తప్పు ఫ్లైఓవరుది కాదు, దాన్ని కిందికి దించినవాళ్లది. అసలు దిగకుండా కట్టాలి.

సైకిళ్లంటే నాకు పగేమీ లేదు. 2023లో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు. నెత్తిన సోలార్ పలకలు, ఎండ తగలదు. మా కింది ఫ్లాటాయన ఆదివారం తెల్లారుజామున అయిదింటికే లేచి సైకిలు ముందు చక్రం ఊడదీస్తాడు. పాత చీర ముక్క చుడతాడు, గీతలు పడతాయని. సైకిలుకి కాదు, కారుకి. వెనకాల తాళ్లతో బిగించి పాతిక కిలోమీటర్లు నడిపి, గంట తొక్కి, మళ్లీ పాతిక కిలోమీటర్లు నడుపుకుంటూ వస్తాడు. కారు మీద సైకిలంటే ఎన్నికల పొత్తు అనుకునేరు, ఇది పర్యావరణం.

సరిగ్గా ఆ వేళకే మా వాచ్‌మన్ రాత్రి డ్యూటీ దిగి, హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బా తగిలించుకుని ఇంటికి బయల్దేరతాడు. ఆయనది సైక్లింగ్ కాదు, సైకిలు తొక్కడం. దానికి ట్రాక్ దేనికి? మురిక్కాలవ అంచు ఉందిగా.

ఇక బస్సు. అది మహా ప్రమాదకరం. అరవై మందిని ఒక్కదాంట్లో ఎక్కించుకుని బోలెడన్ని కార్ల జాగా మిగిలిస్తుంది. జాగా మిగిలితే కొత్త రోడ్డు ఎవడడుగుతాడు? బస్సులకి జనం లేరని ఇన్నాళ్లూ హాయిగా చెప్పుకునేవాళ్లం. 2023 డిసెంబరులో ఆడవాళ్లకి టికెట్టు తీసేశారు, ఆ మాటా పోయింది. ఇప్పుడు జనానికి బస్సులు లేవు. దానికీ ఫ్లైఓవరే వెయ్యాలి.

హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవేని 2008 నాటికి, వెడల్పైన చోట, 26 వరసలు చేశారు. కొన్నేళ్లకే మళ్లీ జామ్. అక్కడున్న మన పిల్లలు స్టీరింగ్ పట్టుకునే అమ్మకి ఫోను చేసి, కూర ఎలా వండాలో నింపాదిగా కనుక్కుంటున్నారు. 26 దగ్గర ఆగిపోవడమే అమెరికావాళ్లు చేసిన పొరపాటు.

మనం ఆగం. ఔటర్ బయట రీజినల్ రింగు రోడ్డు రాబోతోంది, దాదాపు 340 కిలోమీటర్లు. దాని పక్కనా సైకిల్ ట్రాక్ వెయ్యాలని నా మనవి. కింది ఫ్లాటాయన ఇప్పటికే షోరూముకి వెళ్లొచ్చాడు. చక్రం ఊడదీయకుండా సైకిలు లోపలే పట్టే కారు చూస్తున్నాడట.